సప్తసంతానాలలో వనం

జీర్ణోద్ధరణకు మీరు సమర్పించిన ద్రవ్యం ప్రాకారమై, శిఖరమై మీ కన్నుల ముందు నిలిచింది. దేవాలయ నిర్మాణాన్ని మన పూర్వులు సప్తసంతానాలలో ఒకటిగా ఎంచిన సంగతి మీకు విదితమే. పుత్రుడు, చెరువు, కావ్యం, ధననిక్షేపం, అగ్రహారం, దేవాలయం. వీటి సరసన వనాన్నీ నిలిపారు. తోటను సంతానమనడంలో ఎంతో లోకజ్ఞత ఉంది. గుడి కట్టినవారు కుంభాభిషేకం నాటికి కొంత ఊరట పొందవచ్చు. మొక్క నాటినవారికి ఆనాటి నుంచే పని ఆరంభమవుతుంది.

తిరుమలలో అనంతాళ్వారు వృత్తాంతాన్ని స్మరించండి. స్వామికి పూలతోట పెంచే కైంకర్యానికి ఎవరు పూనుకొంటారని శ్రీమద్రామానుజాచార్యులవారు అడుగగా, ఆ కొండపై నివసించడానికి ముందుకు వచ్చిన శిష్యుడాయన. తోట నీటికై చెరువు తవ్వుతూ, కూలివారిని పెట్టుకొనక, నిండు గర్భిణియైన ఇల్లాలితోనే మట్టి మోయించాడు. జాలిపడి తట్ట అందుకొన్న బాలునిపై కోపించి గునపం విసిరితే, అది సాక్షాత్తు స్వామి గడ్డానికే తగిలిందని ఐతిహ్యం. మహాద్వారం వద్ద ఆ గునపాన్ని మీరు చూసే ఉంటారు. స్వామి చుబుకానికి పచ్చకర్పూరం అలంకరించడమూ అందుకేనంటారు. మనం మహిమను తలచుకొంటాం గాని, తోటతో పాటు దాని నీటికీ ఆ దంపతులు చెమటోడ్చారన్న మాట అంతగా గమనించం. పూర్వపు దానశాసనాలలో సైతం నందనవనంతో పాటు తోటమాలి జీవనానికి ఏర్పాటు కనబడుతుంది.

1950 జూలైలో నాటి కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రి కె.ఎం. మున్షీ వనమహోత్సవానికి శ్రీకారం చుట్టారు. నాటే రోజున జనం ఉంటారు. వేసవిలో నీరు పోసేదెవరన్నదే చిక్కు.

ఆ చిక్కును గ్రామస్థులే విప్పుకొన్న చోటు మన రాయలసీమలో ఉంది. నేటి శ్రీ సత్యసాయి జిల్లా చెన్నేకొత్తపల్లి ప్రాంతం బహు తక్కువ వానలు పడే నేల. అక్కడ 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ ఏర్పడింది. పేరు ఆఫ్రికా పట్టణానిదే గాని పని అచ్చంగా మన పల్లెలది. దాని తోడ్పాటుతో కొన్ని ఊళ్ల వారు కలిసి, వేల ఎకరాల బీడుగుట్టలను అడవిగా మలచ పూనుకొని, దానికి కల్పవల్లి అని పేరు పెట్టుకొన్నారు. విత్తనాలు చల్లారు, మొక్కలు నాటారు, వాననీరు ఇంకడానికి కట్టలు వేశారు. అన్నింటికంటె కష్టమైనది కావలి. ఎండిన గడ్డికి నిప్పంటుకొంటే ఏళ్ల శ్రమ ఒక్క పూటలో బూడిదవుతుంది. అందుకని ఎండలు ముదరక మునుపే గడ్డి తొలగించి, మంట దాటలేనంత వెడల్పున బాటలు తీశారు, కావలివారిని నియమించుకొన్నారు. క్రమంగా మోళ్లు చిగిర్చాయి. పశువులకు మేత, ఇళ్లకు ఈతాకు దొరకసాగాయి.

రెవెన్యూ లెక్కలలో మాత్రం ఆ నేల బంజరుగానే ఉండిపోయింది. 2010 దాటాక ఆ గుట్టలపై గాలిమరలు వెలిశాయి. చెట్లను పెంచినవారు అభ్యంతరం తెలిపి, హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించారు.