తోటలో డ్రెస్సర్, ఫోనులో డాక్టరు

బాగన్ దాతుక్ కొబ్బరి తోటలకు మన తెలుగువాళ్లు వచ్చి నూరేళ్లు దాటింది. విశాఖ, గోదావరి జిల్లాల నుంచి ఓడలెక్కి వచ్చిన ఆ కూలీలకు జ్వరం వస్తే ఎవరు చూసేవారు?

డాక్టరు ఒక్కడు, తోటలు అనేకం. ఆయన వంతుల వారీగా వచ్చి చూసి వెళ్లేవాడు. మిగతా రోజుల్లో భారమంతా డ్రెస్సర్‌దే. క్వినైన్, అయోడిన్, కట్టుగుడ్డలతోనే మలేరియా మొదలు కత్తిగాయం దాకా చూసేవాడు. తన వల్ల కానిది తెలుక్ అన్సన్ (ఇప్పటి తెలుక్ ఇంతాన్) ఆస్పత్రికి పంపేవాడు. ఏ రోగం రేపటిదాకా ఆగుతుంది, ఏది ఆగదు అని తేల్చడమే అతని అసలు విద్య. 1965లో ఈ ఎస్టేట్ ఆస్పత్రి సహాయకుల రిజిస్ట్రేషన్‌కు ప్రత్యేకంగా ఒక చట్టమే వచ్చింది. మామూలు పనయితే చట్టం దేనికి!

ఇలాంటి ఇబ్బందే ఆస్ట్రేలియాలోనూ ఉండేది. అక్కడ 1928లో విమాన డాక్టర్ల సేవ, మరుసటి ఏడాది కాలితో తొక్కే రేడియో వచ్చాయి. 1942 నుంచి మారుమూల ఇళ్లకు నంబర్లు వేసిన మందుల పెట్టెలు ఇచ్చారు. డాక్టరు రేడియోలో నంబరు చెబితే చాలు, మందు పేరు చదవలేనివారు కూడా తీసి ఇవ్వగలిగేవారు.

మన వైపు 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వారి టెలిమెడిసిన్ కేంద్రం మొదలైంది. క్లింటన్ ప్రారంభించడంతో దానికి పెద్ద పేరొచ్చింది. నా దృష్టిలో మాత్రం 2007లో వచ్చిన 104 ఫోను సేవ అంతకంటే ముఖ్యం. అక్కడ ముందు ఫోను ఎత్తింది డాక్టరు కాదు, శిక్షణ పొందిన సిబ్బంది. ఎన్ని రోజుల జ్వరం, వాంతులున్నాయా, ఆయాసముందా అని కంప్యూటరు చూపిన వరుసలో అడిగేవారు. అవసరమైతేనే డాక్టరుకు కలిపేవారు. డ్రెస్సర్ తలలో ఉన్న విద్యే కంప్యూటరులోకి ఎక్కిందన్నమాట.

మలేసియా 1997లోనే టెలిమెడిసిన్ చట్టం చేసింది. తగిన అనుమతితో నర్సులు, మెడికల్ అసిస్టెంట్లు కూడా ఆ పని చేయవచ్చని, రోగి రాతపూర్వకంగా ఒప్పుకోవాలని అందులో రాశారు. కానీ అమలు తేదీ రాకుండానే ఏళ్లు గడిచాయి. చివరికి 2021లో కోవిడ్ రోగులు ఇంట్లోనే ఉండి మైసెజాతెరా యాప్‌లో రోజూ లక్షణాలు తెలిపారు. నర్సులు ఇల్లిల్లూ తిరిగే పని ఆ మేరకు తగ్గింది.

నర్సులు సింగపూర్, సౌదీలకు వెళ్లిపోతున్నారు కాబట్టి ఫోను పెడితే సరిపోతుందనే మాట నాకు సగమే నచ్చుతుంది. అడిగిన ప్రశ్నే వందమందిని అడగడం, బీపీ, షుగరు లెక్కలు రాసిపెట్టడం యంత్రం చేయగలదు. దానివల్ల నర్సుకు సమయం మిగులుతుంది. కానీ సెలైన్ ఎక్కించాలన్నా, పుండు కడగాలన్నా మనిషి చెయ్యే కావాలి. అరగొండలో అయినా రోగి పక్కన ఒక మనిషి లేనిదే పని జరగదు. మన క్యాంపుల్లో ఆ మనిషి ఎవరు? ముందు దాన్ని తేల్చాలి. పాత తోటలో ఆ చోట డ్రెస్సర్ ఉండేవాడు.

భాష మాటా ఉంది. గుండెదడ, కళ్లు తిరగడం, కడుపులో దేవినట్టుండడం మలయ్‌లో చెప్పలేక ‘సాకిత్’ అని ఊరుకునే మనవాళ్లు ఎంతోమంది. వంద ప్రశ్నలున్న కంప్యూటరైనా ఆ ఒక్క మాటతో ఏం తేలుస్తుంది? క్యాంపుకు ఫోను వైద్యం తెస్తామని ఎవరైనా వస్తే, తెలుగులో అడిగేవారున్నారా అని మనం మొదటే అడగాలి. ఛాతీనొప్పి, ఊపిరాడకపోవడం, ఆగని రక్తం అయితే ఇవేవీ చూడకుండా 999కి చేయండి.