ఉన్నతాధికారుల ప్రోత్సాహకాలు - విమాన భద్రత

ప్రోత్సాహకం అనగా సంస్థ అధిపతులకు జీతంతో పాటు, ముందుగా నిర్ణయించిన లక్ష్యాల సాధనకు చెల్లించే బోనసు మరియు వాటాలు. ఆ లక్ష్యాలు లాభానికి, వాటా ధరకే పరిమితమైనచో విమాన భద్రత వెనుకబడే అవకాశం ఉన్నది. లాభం ప్రతి మూడు నెలలకూ లెక్కకు వచ్చును. జరగని ప్రమాదం ఏ ఖాతాలోనూ కనబడదు. పరీక్షలు, శిక్షణలపై తగ్గించిన ఖర్చు వెంటనే లాభంగా తేలుతుంది. దాని దుష్ఫలితం కొన్నేళ్ళకు గాని బయటపడదు, అప్పటికి బోనసు చెల్లింపు పూర్తయి ఉంటుంది.

ఇందుకు తరచు చూపబడే ఉదాహరణ అమెరికా విమాన నిర్మాణ సంస్థ బోయింగ్. 737 మాక్స్ పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ అవసరమైతే విమానానికి 10 లక్షల డాలర్లు తగ్గిస్తామని ఈ సంస్థ సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌కు హామీ ఇచ్చింది. కాగా ఆ విమానం ముక్కును దానంతట అదే కిందికి దించే ఎంకాస్ వ్యవస్థ ఒకే సెన్సారుపై ఆధారపడేది. 2018 అక్టోబరు 29న ఇండోనేషియాలోను, 2019 మార్చి 10న ఇథియోపియాలోను జరిగిన ప్రమాదాలలో మొత్తం 346 మంది మరణించారు.

2019 డిసెంబరులో పదవి కోల్పోయిన ముఖ్య కార్యనిర్వహణాధికారి డెన్నిస్ ముయిలెన్‌బర్గ్‌కు తొలగింపు పరిహారం దక్కలేదు. అయినా వాటాలు, పింఛను కలిపి సుమారు 6.2 కోట్ల డాలర్లు చెందాయి. తరువాత వచ్చిన డేవిడ్ కాల్హూన్‌కు ప్రకటించిన 70 లక్షల డాలర్ల ప్రోత్సాహకపు షరతులలో మాక్స్ తిరిగి సురక్షితంగా ఎగరడం ఒకటి. "సురక్షితంగా" అనే మాట ఉన్నప్పటికీ, ఇది నియంత్రణ సంస్థపై ఒత్తిడికి దారితీస్తుందని కొందరు సెనేటర్లు ఆక్షేపించారు.

2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ మాక్స్ విమానంలో తలుపు స్థానంలో అమర్చిన పలక గాలిలో ఊడిపోయింది. దానికి ఉండవలసిన నాలుగు బోల్టులు లేవని విచారణలో తేలింది. వాణిజ్య విమానాల విభాగపు వార్షిక బోనసులో 60 శాతాన్ని భద్రత, నాణ్యతలకు ముడిపెట్టినది ఆ తరువాతనే.