ఇల్లు ఖాళీ చేస్తున్నారా? మీ డిపాజిట్ జాగ్రత్త!

అమెరికాలో ఇల్లు మారడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. ప్రాజెక్టు మారితే ఊరు మారాలి. పిల్లలు బడికి వెళ్ళే వయసుకొస్తే మంచి స్కూలున్న వైపు మారాలి. అద్దె పెంచేస్తే ఎలాగూ మారాలి. సామాను సర్దుకుని, ట్రక్కు మాట్లాడుకుని, నలుగురు స్నేహితుల్ని సాయానికి పిలుచుకుని బయటపడేసరికి, ఓనరు దగ్గర ఉన్న డిపాజిట్ సంగతి చివరికి మిగిలిపోతుంది. "వస్తే వచ్చింది, లేకపోతే పోయింది" అని వదిలేసిన వాళ్ళని చాలామందిని చూశాను. నేనూ ఒకసారి అలాగే వదిలేశాను. రెండోసారి మాత్రం వదల్లేదు.

నేను లాయర్ని కాను. కాలిఫోర్నియాలో ఇరవై ఏళ్ళుగా అద్దె ఇళ్ళల్లో ఉండి, దెబ్బలు తిని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. చట్టం సంగతులు ముఖ్యంగా కాలిఫోర్నియావి. మిగతా కొన్ని రాష్ట్రాల గురించి చివర్లో చెప్తాను.

నా కథ

మొదటిసారి 2003లో. సన్నీవేల్‌లో అపార్ట్‌మెంటు ఖాళీ చేసి, కొత్త ప్రాజెక్టు కోసం డాలస్ వెళ్ళిపోయాను. కొత్త అడ్రసు ఇవ్వలేదు, తాళాలు ఇచ్చినట్టు కాగితం తీసుకోలేదు. 900 డాలర్ల డిపాజిట్ ఏమైందో ఈ రోజుకీ తెలియదు. తప్పు నాదే అనుకుని ఊరుకున్నాను.

రెండోసారి 2009లో. ఫ్రీమాంట్‌లో ఒక టౌన్‌హౌస్‌లో మూడేళ్ళున్నాం. ఓనరు తెలుగాయనే. పండగలకి వాళ్ళింటికి మేము, మా ఇంటికి వాళ్ళు. ఆయన్ని నేను "అన్నయ్యా" అనే పిలిచేవాణ్ణి. మనవాడే కదా అని, చేరిన రోజు గోడలెలా ఉన్నాయి, కార్పెట్ ఎలా ఉంది అని ఇద్దరమూ ఏమీ రాసుకోలేదు. 2400 డాలర్ల చెక్కు ఇచ్చి తాళాలు తీసుకున్నాను.

ఖాళీ చేసిన అయిదు వారాలకి ఈమెయిల్ వచ్చింది. కొత్త కార్పెట్‌కి 1400, పెయింటుకి 700, వంటింటి "కూర వాసన" పోగొట్టడానికి 450, మొత్తం 2550. అంటే డిపాజిట్ అంతా పోయి, పైన నేనే 150 డాలర్లు బాకీ! రసీదు ఒక్కటీ లేదు.

డబ్బు సంగతి అలా ఉంచితే, అన్నయ్యా అని పిలిచిన మనిషితో ఎలా మాట్లాడాలో తెలియక వారం రోజులు మా ఇంట్లో ఎవరికీ మనసు బాగాలేదు. "పోనీలెండి, మొహమొహాలు చూసుకోవాలి కదా" అంది మా ఆవిడ. అప్పుడు కూర్చుని చట్టం చదివాను.

చట్టం ఏమంటోంది?

కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో 1950.5 అనే సెక్షన్ డిపాజిట్ల గురించే ఉంది. దాన్నిబట్టి డిపాజిట్ మీ డబ్బు. ఓనరు దాన్ని మీ తరఫున దాచి ఉంచుతాడంతే. "నాన్ రిఫండబుల్ డిపాజిట్" అని లీజులో రాసినా అది చెల్లదు. అందులోంచి ఓనరు పట్టుకోగలిగేవి ముఖ్యంగా మూడు:

1. మీరు కట్టకుండా మిగిల్చిన అద్దె.
2. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి మించి జరిగిన నష్టం.
3. మీరు చేరినప్పుడు ఇల్లు ఎంత శుభ్రంగా ఉందో, తిరిగి అంత శుభ్రంగా చెయ్యడానికి అయ్యే ఖర్చు. అంతకన్నా శుభ్రంగా చేసుకోవాలంటే ఆయన డబ్బుతో చేసుకోవాల్సిందే.

గడువు 21 రోజులు. మీరు ఖాళీ చేసిన 21 రోజుల్లోగా దేనికి ఎంత పట్టుకున్నారో వివరంగా రాసిన లెక్క, మిగిలిన డబ్బు మీకు పంపాలి. రిపేర్లు, క్లీనింగ్ కలిపి 125 డాలర్లు దాటితే రసీదుల కాపీలు జతచెయ్యాలి. ఓనరు స్వయంగా పని చేస్తే ఏం చేశారో, ఎన్ని గంటలు పట్టిందో, గంటకి ఎంత లెక్కన వేశారో రాయాలి. పని 21 రోజుల్లో అవ్వకపోతే న్యాయమైన అంచనా పంపి, పని పూర్తయిన 14 రోజుల్లో రసీదులు పంపాలి.

గడువు దాటితే? 1995లో గ్రాన్‌బెరీ కేసులో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు దీన్ని తేల్చింది. గడువు తప్పిన ఓనరు డిపాజిట్‌లోంచి పట్టుకునే హక్కు పోగొట్టుకుంటాడు, మొత్తం తిరిగి ఇవ్వాలి. నిజంగా నష్టం జరిగి ఉంటే దాన్ని కోర్టులో విడిగా అడగొచ్చు. ఓనరు దురుద్దేశంతో డబ్బు పట్టుకున్నాడని జడ్జి నమ్మితే, మీకు రావాల్సిన దానికి అదనంగా డిపాజిట్‌కి రెండు రెట్ల దాకా ఇప్పించవచ్చు. ఓనరు పట్టుకున్న మొత్తం సబబైనదేనని నిరూపించే బాధ్యత కూడా ఓనరుదే, మీది కాదు.

అరుగుదల ఏది, నష్టం ఏది?

తగాదాలన్నీ ఇక్కడే. నడిచే దారిలో కార్పెట్ అణిగిపోవడం, ఎండకి పెయింటు వెలిసిపోవడం, ఫోటో తగిలించిన చిన్న మేకు గుర్తులు మామూలు అరుగుదల కిందకే వస్తాయి. కార్పెట్ మీద కుంకుమ ఒలికి పోని మరక, ఇస్త్రీపెట్టె కాలిన గుర్తు, తలుపుకి పడిన కన్నం నష్టం. దేవుడి దగ్గర రోజూ దీపం పెట్టిన చోట పైకప్పుకి పట్టిన మసి, కౌంటర్ మీద పసుపు మరకలు, పోపు జిడ్డుతో నిండిన స్టవ్ పైన ఫిల్టర్... ఇవి మనం శుభ్రం చేసి ఇవ్వాల్సినవే. వీటిని "మామూలే" అంటే జడ్జి ఒప్పుకోవడం కష్టం.

నష్టం మీదే అయినా పూర్తి కొత్త వస్తువు ఖరీదు మీ నెత్తిన వెయ్యకూడదు. ఉదాహరణకి పదేళ్ళు మన్నే కార్పెట్ అనుకోండి. మీరు పాడుచేసే నాటికి దానికి ఆరేళ్ళు నిండాయి. కొత్తది వెయ్యడానికి 1500 అయితే, మిగిలిన నాలుగేళ్ళ విలువ 600 మాత్రమే మీరివ్వాలి. మా ఇంట్లో కార్పెట్ 1998లో వేయించిందని ఓనరుగారే పాత ఈమెయిల్‌లో రాశారు. అంటే 2009కి దానికి పదకొండేళ్ళు! అలాంటి కార్పెట్‌కి 1400 అడగడం ఏ లెక్కకీ అందదు. పెయింటు సంగతీ అంతే. మూడేళ్ళున్న ఇంటికి మళ్ళీ పెయింటు వెయ్యడం మామూలుగా ఓనరు ఖర్చే.

ఖాళీ చేసే ముందు చెయ్యాల్సినవి

* నెలనెలా నడిచే అద్దె అయితే కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. ఫోనులో చెప్పింది లెక్కలోకి రాదు.

* మూవ్ అవుట్ ముందు తనిఖీ కావాలని అడగండి. ఇది మీ హక్కు. ఆఖరి రెండు వారాల్లో ఓనరు వచ్చి చూసి, వేటికి డబ్బు పట్టుకోవాలనుకుంటున్నారో జాబితా రాసివ్వాలి. ఆ లోపాల్ని మీరే బాగుచేసుకునే అవకాశం మీకుంటుంది. ఇరవై డాలర్ల సామానుతో మీరు పోగొట్టే మరకకి తరువాత రెండు వందలు పట్టుకుంటారు. నేను ఆ తనిఖీ అడగలేదు. అడిగి ఉంటే సగం గొడవ అక్కడే తీరేది.

* సామాను తీసేశాక, శుభ్రం చేశాక, ప్రతి గదీ వీడియో తియ్యండి. అవెన్ లోపల, ఫ్రిజ్ లోపల, బాత్ టబ్, కిటికీ పట్టాలు కూడా.

* కొత్త అడ్రసు రాసివ్వండి. ఇవ్వకపోతే ఓనరు ఆ లెక్కని మీరు ఖాళీ చేసిన ఇంటి అడ్రసుకే పంపవచ్చు.

* తాళాలు ఇచ్చిన తేదీకి రుజువు ఉంచుకోండి. 21 రోజులు లెక్కపెట్టేది అప్పటినుంచే.

* రూమ్మేట్లతో ఉంటే మరింత జాగ్రత్త. మధ్యలో ఒకరు వెళ్ళిపోతే ఓనరు డిపాజిట్ విడదీసి ఇవ్వనక్కర్లేదు, అందరూ ఖాళీ చేశాకే ఇస్తాడు. వచ్చే కుర్రాడి దగ్గర మీ వాటా తీసుకుని, ఆ సంగతి కాగితం మీద అందరి సంతకాలతో ఉంచుకోండి.

* లీజు మధ్యలో ఉద్యోగం మారి వెళ్ళాల్సివస్తే, మిగిలిన నెలల అద్దె అంతా కట్టాలని భయపెడతారు. ఓనరు కూడా కొత్తవాళ్ళ కోసం తగిన ప్రయత్నం చెయ్యాలి. వాళ్ళు దొరికే దాకా పడిన నష్టమే మీ బాధ్యత.

ఇవ్వకపోతే?

ముందు ఉత్తరం రాయండి. కోపం వద్దు. తేదీలు, మొత్తం, చట్టం సెక్షను, ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అన్నవి చాలు. దానికీ పలక్కపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది. అక్కడ ఇరుపక్షాలకీ లాయర్లు వాదించడానికి వీల్లేదు, మీరే చెప్పుకోవాలి. 2024 నుంచి వ్యక్తులు అక్కడ 12,500 డాలర్ల దాకా అడగవచ్చు. అడిగే మొత్తాన్నిబట్టి ఫీజు 30 నుంచి 75 డాలర్లు. ఒక్క మాట, కేసు వేసినవాళ్ళు ఓడితే అప్పీలు లేదు. కాబట్టి కాగితాలన్నీ మొదటిసారే పట్టుకెళ్ళండి. హెచ్-1 మీద ఉన్నాం, కోర్టుకెళ్తే వీసాకి ఇబ్బందేమో అని కొందరు భయపడతారు. మీ డబ్బు మీరడగడం సివిల్ వ్యవహారం. అది నేరమూ కాదు, వీసా షరతులకి విరుద్ధమూ కాదు.

ఇటీవల మారినవి

2024 జులై 1 నుంచి కాలిఫోర్నియాలో డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు. రెండు ఇళ్ళకి మించని, మొత్తం నాలుగు వాటాలకి మించని చిన్న ఓనర్లు మాత్రం రెండు నెలలు అడగవచ్చు. 2025 ఏప్రిల్ 1 నుంచి మీరు ఖాళీ చేశాక, రిపేర్లకి ముందు, తరువాత ఓనరు ఫోటోలు తియ్యాలి. 2025 జులై 1 తరువాత మొదలైన అద్దెలకి చేరేటప్పుడు కూడా తియ్యాలి. ఆయన తీసినా సరే, మీ ఫోటోలు మీరు తీసుకోండి.

మిగతా రాష్ట్రాల్లో గడువులు వేరు. టెక్సస్‌లో 30 రోజులు, కొత్త అడ్రసు రాసిస్తేనే. న్యూజెర్సీలోనూ మామూలుగా 30 రోజులు, అన్యాయంగా పట్టుకుంటే రెట్టింపు. న్యూయార్క్‌లో 2019 నుంచి 14 రోజులు.

చివరికి ఏమైంది?

నేను ఉత్తరం రాశాను. "అన్నయ్యగారికి నమస్కారం" అనే మొదలుపెట్టాను. గడువు దాటింది కాబట్టి 2400 మొత్తం అడగొచ్చు. కానీ వంటింటి కౌంటర్ మీద పసుపు మరకలు మావే. వాటికి 150 ఉంచుకుని 2250 రెండు వారాల్లో పంపమన్నాను. ఫోను చేసి బాగా కోప్పడ్డారు. "ఇంత దూరం తెస్తావనుకోలేదు" అన్నారు. పన్నెండో రోజున చెక్కు వచ్చింది. కవరులో ఇంకేమీ లేదు.

ఆ తరువాత ఉగాది కార్యక్రమాల్లో కనిపించినప్పుడు పలకరించుకున్నాం. అంతే. మళ్ళీ ఒకరింటికి ఒకరం వెళ్ళలేదు. ఆయన మోసగాడు కాదనే నేను ఇప్పటికీ అనుకుంటాను. మూడేళ్ళ క్రితం ఇల్లు ఎలా ఉండేదో ఆయనకి ఒకలా గుర్తుంది, మాకు ఇంకోలా గుర్తుంది. చేరిన రోజునే ఇద్దరం కలిసి గదిగదీ తిరిగి ఒక కాగితం రాసుకుని ఉంటే డబ్బుకీ గొడవ ఉండేది కాదు, స్నేహమూ పోయేది కాదు.

అందుకే ఓనరు మనవాడైతే కాగితం మరీ అవసరం. మొహమాటం మొదటి రోజే వదిలించుకోండి, ఆఖరి రోజున సంతోషంగా తాళాలు ఇచ్చి రావచ్చు.