ఉద్యోగం మారి సైకాలజీ పరిశోధనలోకి: ఆన్‌లైన్ ప్రవర్తనను చదివే దారి

తల్లిదండ్రుల సమావేశాల్లో ఈ మధ్య రెండు రకాల ప్రశ్నలు వస్తున్నాయి. "మావాడు ఫోన్ వదలడం లేదు, ఏం చెయ్యాలి?" అనేది ఒకటి. రెండోది కొంచెం మెల్లగా, పక్కకు పిలిచి అడిగేది: "పన్నెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఈ ఫోన్లు మనుషుల్ని ఏం చేస్తున్నాయో చదవాలని ఉంది. ఈ వయసులో సైకాలజీలోకి రావచ్చా?" రావచ్చు. కానీ ఏ తలుపు తెరిచి ఉందో, ఏది మూసుకుపోయిందో తెలుసుకోకుండా రాజీనామా ఇచ్చేస్తే ఇల్లు గడవడం కష్టమవుతుంది. అందుకే ఈ వివరాలు. పదో తరగతి, పీయూసీ పిల్లలు కూడా చదవండి, మీకైతే ఇంకా తేలిక.

ముందు పేర్ల సంగతి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆపైన మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. మందులు రాసేది వారే. క్లినికల్ సైకాలజిస్ట్ రోగులను పరీక్షించి, మాటల ద్వారా చికిత్స చేస్తారు. అందుకు భారత పునరావాస మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. పరిశోధకులు ఈ ఇద్దరూ కాదు. వాళ్ళు చికిత్స చెయ్యరు. మనుషులు ఎందుకు అలా ప్రవర్తిస్తారన్న ప్రశ్న పట్టుకుని, కొలిచి, లెక్క కట్టి రాస్తారు. ఆ పనికి లైసెన్సు అక్కర్లేదు, పీహెచ్‌డీ కావాలి. చాలామంది ఇక్కడే తికమకపడి, పరిశోధన చేద్దామని బయలుదేరి ఏదో ఆరు నెలల కౌన్సెలింగ్ సర్టిఫికెట్‌కు డబ్బు కడుతున్నారు. ఆ కాగితంతో పీహెచ్‌డీ సీటు రాదు.

ఏం చదువుతారు ఇందులో?

ముఖాముఖి అనలేని మాట మెసేజ్‌లో ఎందుకు అనేస్తాం? అమెరికన్ సైకాలజిస్ట్ జాన్ సూలర్ 2004లో దీనికి ఆరు కారణాలు చెప్పారు. పేరు తెలియకపోవడం, ఎదుటివారి ముఖం కనిపించకపోవడం, జవాబు అప్పటికప్పుడు రాకపోవడం వాటిలో కొన్ని. ఇంటి గ్రూపుల్లో పెళ్ళి విషయం మీద జరిగే గొడవలు చూసినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. కాకపోతే మన గ్రూపుల్లో పేర్లు అందరికీ తెలుసు, అయినా గొడవ ఆగదు. అంటే మిగతా కారణాల్లో ఏది ఎక్కువ పనిచేస్తోంది? ఇలాంటి చోటే పరిశోధన మొదలవుతుంది.

అబద్ధపు వార్తల మీద 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం మరో రకం. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 కథనాలను చూశారు. నిజంకన్నా అబద్ధాన్ని ఇతరులకు పంపే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. ఈ పని చేసినవారు ఎంఐటీలో డేటా, కంప్యూటర్ వైపు నుంచి వచ్చినవారే. కోడింగ్ తెలిసినవాళ్ళకు ఈ రంగంలో ఎంత చోటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

మూడోది తల్లిదండ్రులు వినాల్సింది. కేంబ్రిడ్జ్‌లో సహజ శాస్త్రాలు చదివి సైకాలజీకి వచ్చిన ఏమీ ఆర్బెన్, ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ షిబిల్‌స్కీతో కలిసి 2019లో పెద్ద పెద్ద సర్వేల సమాచారాన్ని మళ్ళీ లెక్కగట్టారు. కౌమార దశ పిల్లల సంతోషంలో కనిపించే తేడాల్లో డిజిటల్ పరికరాల వాడకంతో ముడిపడింది ఎక్కువలో ఎక్కువ 0.4 శాతమేనని తేల్చారు. "అయితే ఫోన్ ఇచ్చెయ్యొచ్చా?" అని అడక్కండి. అది సగటు లెక్క. నిద్ర మానేసి ఆడే ఒక పిల్లవాడి సంగతి సగటులో కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితాలో గేమింగ్ రుగ్మతను చేర్చింది. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2014 నుంచే షట్ క్లినిక్ పేరుతో ఇలాంటివారికి సేవలు అందుతున్నాయి. సగటూ నిజమే, ఆ క్లినిక్ ముందు కూర్చున్న కుటుంబమూ నిజమే. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో ఓపికగా చెప్పగలిగినవాళ్ళే ఈ పనికి కావాలి.

దారి

ఇంజనీరింగో, బీకామో చదివినవాళ్ళకు మామూలు దారి రెండేళ్ళ ఎంఏ లేదా ఎమ్మెస్సీ సైకాలజీ. కొన్ని విశ్వవిద్యాలయాలు ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటాయి, కొన్ని డిగ్రీలో సైకాలజీ ఉండాలంటాయి. ఏ విశ్వవిద్యాలయానికి ఆ విశ్వవిద్యాలయం నిబంధన చూసుకోవాల్సిందే. కేంద్రీయ విశ్వవిద్యాలయాలు ఎక్కువగా సీయూఈటీ పీజీ ద్వారా తీసుకుంటాయి.

ఇక్కడ ఒక పెద్ద మార్పు. ఉద్యోగం వదలకుండా దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసుకోవడం ఇన్నాళ్ళూ చాలామందికి అలవాటైన మార్గం. జాతీయ ఆరోగ్య అనుబంధ వృత్తుల చట్టం కిందికి వచ్చే కోర్సులను, వాటితో పాటు సైకాలజీని, 2025 జులై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ నడపకూడదని యూజీసీ నిర్ణయించింది. పాత సలహాలు నమ్మి, "ఇప్పుడే చేరితే సీటు ఖాయం" అని ఫోన్ చేసే ఏజెంట్లకు డబ్బు కట్టకండి. ముందు యూజీసీ వెబ్‌సైట్ చూడండి.

సైకాలజీ పీజీ లేకుండా వచ్చే పక్కదారి కాగ్నిటివ్ సైన్స్. గాంధీనగర్ ఐఐటీలో ఇందులో రెండేళ్ళ ఎమ్మెస్సీ ఉంది, ఏ సబ్జెక్టు డిగ్రీ వాళ్ళయినా దరఖాస్తు చెయ్యొచ్చు. కాన్పూర్ ఐఐటీ, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీల్లో కూడా ఈ రంగంలో పరిశోధన జరుగుతోంది. గేట్ పరీక్షలో సైకాలజీ విభాగం కూడా ఉంది.

పీజీ తర్వాత యూజీసీ నెట్. 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాలకు 50. ఇప్పుడు నెట్ ఫలితం మూడు రకాలుగా ఇస్తున్నారు: ఫెలోషిప్‌తో సహా, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం. ఫెలోషిప్‌కు వయసు 30 దాటకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీ లేయర్ ఓబీసీలకు, దివ్యాంగులకు ఐదేళ్ళ సడలింపు ఉంది. మిగతా రెండింటికి వయసు పరిమితి లేదు. కాబట్టి 36 ఏళ్ళ ఆయనకు పీహెచ్‌డీ తలుపు తెరిచే ఉంది, ఫెలోషిప్ తలుపు మాత్రం మూసుకుంది. ఇది ముందే తెలియాలి.

డబ్బు లెక్క కూడా చెప్పుకుందాం. ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరు. పీజీ రెండేళ్ళు కలిపితే ఐదు నుంచి ఎనిమిదేళ్ళు. ఇంటి లోను, పిల్లల ఫీజులు నడుస్తుంటే భార్యాభర్తలిద్దరూ కూర్చుని కాగితం మీద వేసుకోవాల్సిన లెక్క ఇది. 2022 నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ కూడా ఉంది, పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. మా అభిప్రాయంలో ముప్పై ఐదు దాటినవాళ్ళకు ఇదే కాస్త నెమ్మదైన మార్గం.

మన దగ్గర ఇప్పటికే ఉన్నవి

సైకాలజీ అంటే లెక్కలు తప్పించుకోవచ్చని ఆర్ట్స్ తీసుకునే పిల్లలున్నారు. వాళ్ళకు చేదు వార్త: ఇందులో సగం పని గణాంకాలే. వంద పాత సైకాలజీ ప్రయోగాలను మళ్ళీ చేసి చూస్తే, 2015లో వచ్చిన ఫలితం ప్రకారం 36 శాతంలోనే గణాంకపరంగా నిలిచే ఫలితం మళ్ళీ వచ్చింది. ఆ దెబ్బతో రంగమంతా లెక్కల విషయంలో కట్టుదిట్టమైంది. ఆర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, పైథాన్ ఇప్పుడు ఇక్కడ రోజువారీ పనిముట్లు. ఐటీ నుంచి వచ్చేవాళ్ళకు ఇది అదనపు బలం.

రెండో బలం భాష. ప్రశ్నావళులు ఎక్కువగా ఇంగ్లిష్‌లో పుట్టినవే. "ఫోన్ దగ్గర లేకపోతే ఎలా ఉంటుంది?" అన్న ప్రశ్నకు జవాబుల్ని తెలుగులో ఎలా పెట్టాలి? ఆందోళన, కంగారు, దిగులు, బెంగ, ఈ నాలుగూ ఒకటి కాదు. అమ్మ ఊరెళితే పిల్లకు వచ్చేది బెంగ. చార్జింగ్ అయిపోతే వచ్చేది బెంగా, కంగారా? తప్పు మాట పెడితే పిల్లలు ఇచ్చే జవాబే మారిపోతుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, మెసేజ్‌లో ఇంగ్లిష్ అక్షరాల తెలుగు రాసే మన పిల్లలకు ఈ తేడా పుస్తకం చదవకుండానే తెలుసు.

మన పక్కనే ఒక ముచ్చట. మైసూరు విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగాన్ని నడిపిన ఎం.వి. గోపాలస్వామి 1935లో తన ఇంట్లోనే రేడియో కేంద్రం పెట్టారు. ఆకాశవాణి అన్న పేరు అక్కడిదే. ఇంకో ముచ్చట: ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్‌కు బాట వేసిన లిక్‌లైడర్ చదివింది సైకాలజీయే.

అడగకుండా చెయ్యకూడదు

2012 జనవరిలో ఒక వారం పాటు ఫేస్‌బుక్ 6,89,003 మంది ముందు కనిపించే పోస్టులను మార్చి, వాళ్ళ రాతల్లో సంతోషం, విచారం ఎలా మారతాయో చూసింది. 2014లో ఆ ఫలితం అచ్చయ్యాక పెద్ద రభస జరిగింది. తేడా చాలా చిన్నదే, కానీ ఎవరినీ విడిగా అడగలేదు. పత్రిక సంపాదకులే ఆ వ్యాసం మీద ఆందోళన తెలుపుతూ ప్రకటన వెయ్యాల్సి వచ్చింది. కంపెనీలో యూజర్ల డేటా చూడటం అలవాటైనవాళ్ళు ఇక్కడికి రాగానే మార్చుకోవాల్సిన మొదటి అలవాటు ఇదే.

పిల్లల మీద పరిశోధన అంటే నియమాలు ఇంకా గట్టివి. తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఏడు నుంచి పన్నెండేళ్ళ పిల్లలను నోటిమాటగా, పన్నెండు దాటినవాళ్ళను రాతపూర్వకంగా ఒప్పుకోమని అడగాలి. కాబట్టి ఎవరైనా ప్రశ్నావళి తెచ్చి మీ సంతకం అడిగితే, ఎథిక్స్ కమిటీ అనుమతి పత్రం చూపించమనండి. వద్దని చెప్పే హక్కు మీకుంది, మీ పిల్లవాడికీ ఉంది.

పిల్లలూ, ఒక చిన్న పని. ఈ వారం రోజూ రాత్రి, ఇంట్లో ఫోన్‌ను మీరు ఎంతసేపు చూశారో అంచనా వేసి కాగితం మీద రాయండి. తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో అసలు సమయం చూసి పక్కనే రాయండి. అదే ఫోన్‌ను ఇంకెవరైనా వాడితే వాళ్ళ సమయం తీసెయ్యడం మర్చిపోకండి. అమ్మానాన్నల అంచనా కూడా రాయించండి, వాళ్ళు ఒప్పుకుంటేనే.