వేరుశనగ చెక్కలో బూజు విషం: రసాయనాలతో విరుగుడు ఎంతవరకు?

తడిసి బూజు పట్టిన వేరుశనగ చెక్కను, మొక్కజొన్నను ఏం చేయాలని కోతల సమయంలో వానలు పడిన ప్రతి ఏటా రైతులు అడుగుతుంటారు. ఈమధ్య ఒక పాడి రైతు చెక్కను సున్నపు నీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి తెచ్చాడు. పచ్చటి బూజు పోయింది, ముక్క వాసన కూడా తగ్గింది. "ఇక గేదెలకు పెట్టొచ్చా సార్?" అన్నాడు. వద్దన్నాను. నాలుగు బస్తాల చెక్క పారేయమంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు, కాబట్టి కారణం వివరంగా చెప్పాలి.

బూజు వేరు, విషం వేరు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంద్రం పెరుగుతూ గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఎండకో మందుకో బూజు చచ్చినా విషం అక్కడే ఉంటుంది. ఉడకబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకున్న, రంగు మారిన, విరిగిన గింజల్లో ఇది ఎక్కువ. అలాంటి గింజలను ఏరి పక్కన పెడతాం గానీ పారేయం, నూనె మిల్లుకు పంపుతాం. నూనె తీశాక విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. ఆ చెక్క తిరిగి మన తొట్టిలోకే వస్తుంది.

దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1974 చివర్లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని, కామెర్లు వచ్చి వంద మందికి పైగా చనిపోయారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే కారణం అఫ్లాటాక్సిన్ అని తేలింది. ఆ ఊళ్లలో కుక్కలు కూడా అదే జబ్బుతో చనిపోయాయి.

రసాయనాలతో ఈ విషాన్ని విరగ్గొట్టడం సాధ్యమే. బాగా పరీక్షకు నిలిచింది అమ్మోనియా పద్ధతి. చెక్కలో తేమ సరిచూసి, మూసిన పాత్రలో 80 నుంచి 120 డిగ్రీల వేడి, ఒత్తిడి కింద 20 నుంచి 60 నిమిషాలు అమ్మోనియా పట్టిస్తారు. వేడి, ఒత్తిడి లేకుండా చేస్తే గాలి చొరకుండా మూసి రెండు మూడు వారాలు ఉంచాలి. అఫ్లాటాక్సిన్ అణువులో ఒక వలయం ఉంటుంది. క్షారం తగిలితే అది తెరుచుకుంటుంది. వేడి, సమయం చాలినంత అందితే అణువు తిరిగి కోలుకోనంతగా విడిపోయి, విషం 95 శాతానికి పైగా తగ్గుతుంది. చాలకపోతే, ఆమ్లం తగలగానే ఆ వలయం మళ్లీ మూసుకుని పాత విషమే తయారవుతుంది. పశువు నాలుగో పొట్టలో ఉండేది ఆమ్లమే. సున్నపు నీళ్ల చెక్క వద్దన్నది ఇందుకే.

ఇదంతా ఫ్యాక్టరీ పని, అదీ పశువుల దాణాకే. మనుషులు తినే గింజలకు వాడకూడదు. పైగా మొక్కజొన్నలో వచ్చే ఫ్యుమోనిసిన్ అనే మరో బూజు విషంపై అమ్మోనియా పెద్దగా పనిచేయదు.

"వరిగడ్డికి యూరియా పట్టించి మాగబెడుతున్నాం కదా, చెక్కకూ అలాగే చేస్తే?" అని తెలివైన రైతులు అడుగుతారు. యూరియా నుంచి వచ్చేది అమ్మోనియానే కాబట్టి ఆలోచన వింతదేమీ కాదు. కానీ ఇంటి దగ్గర అది చెక్క లోపలి దాకా సమంగా పట్టదు. ఎంత విషం మిగిలిందో చూసి చెప్పలేం. విరగని యూరియా ఒకచోట పోగుపడితే పశువు పొట్ట ఉబ్బి, వణికి, గంటల్లో చనిపోవచ్చు. కోళ్లకు, లేత దూడలకు యూరియా అసలు పనికిరాదు. దయచేసి ఈ ప్రయోగం చేయకండి.

దుకాణంలో "టాక్సిన్ మందు" అని అడిగితే రెండు రకాలు చేతికిస్తారు. ప్రొపియోనిక్ ఆమ్లం ఉన్నది కొత్త బూజు రాకుండా ఆపుతుంది, అప్పటికే ఉన్న విషాన్ని ఏమీ చేయదు. రెండోది బంకమట్టి రకం బైండర్. ఇది పేగుల్లో అఫ్లాటాక్సిన్‌ను పట్టుకుని పేడతో బయటికి పంపుతుంది. కొంత తగ్గిస్తుందే గానీ పూర్తిగా తీసేయదు, మిగతా బూజు విషాలపై అంతగా పనిచేయదు. కొనేముందు ప్యాకెట్ మీద ఏముందో చదివించుకోండి.

పాడి రైతు మరీ జాగ్రత్తగా ఉండాలి. విషం ఉన్న దాణా తిన్న ఒక రోజులోపే అఫ్లాటాక్సిన్ ఎం1 రూపంలో అది పాలల్లోకి వస్తుంది. కాచినా పోదు. ఆ పాలు ముందు తాగేది మన ఇంటి పిల్లలే. కిలో పశుదాణాలో అఫ్లాటాక్సిన్ బి1 20 మైక్రోగ్రాములు, కిలో పాలల్లో ఎం1 0.5 మైక్రోగ్రాము మించకూడదు. మంచి నుడి ఏమిటంటే, ఆ దాణా ఆపేస్తే మూడు నాలుగు రోజుల్లో పాలల్లో విషం బాగా తగ్గిపోతుంది.

బూజు కనిపిస్తున్న చెక్కను పాడి పశువులకు, దూడలకు, కోళ్లకు, బాతులకు పెట్టకండి. ఎరువు గుంతలో వేయండి, ఆ ఎరువును వేరుశనగ చేలో మాత్రం చల్లకండి. బూజు కనిపించకపోయినా అనుమానం ఉంటే పశువైద్యుణ్ని అడిగి పరీక్షకు పంపండి. విషం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఒక్క గుప్పెడు సరిపోదు, బస్తాల్లో పైనా, మధ్యా, అడుగునా తీసి కలిపి నమూనా చేయాలి.

చెక్కను రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. గోడకు ఆనకుండా చెక్క పలకల మీద పేర్చండి. కాయలు నిల్వ పెట్టేటప్పుడు తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెట్టండి, ఊపితే లోపల గింజ గలగలమనాలి.