నీలగిరుల్లో పాతవాళ్లు, కొత్తవాళ్లు

పోయిన ఏడాది మా బడి నుంచి ఊటీకి విహారయాత్ర పోయినాము. చెరువులో పడవ ఎక్కినాము, కొండ రైలు ఎక్కినాము, పూలతోట చూసినాము. ఇంటికొచ్చినాక మా అవ్వ ఒకే మాట అడిగింది: "ఆడ పుట్టి పెరిగినోళ్లు ఎవురు? వాళ్లేం చేసుకుని బతుకుతారు?" నాకు జవాబు తెలియలేదు. ఆ జవాబు కోసం చదివి రాసిందే ఈ వ్యాసం.

ఊటీ పట్నం పుట్టి సుమారు 200 ఏండ్లే అయింది. దానికి ఎంతో ముందునుంచే ఆ కొండల మీద తోడవాళ్లు, కోటవాళ్లు, బడగలు, కురుంబలు ఉండేవాళ్లు. తోడవాళ్లు ఎనుములను మేపేవాళ్లు. వాళ్లకు పాలయిల్లే గుడి. కోటవాళ్లు కుండలు, ఇనుప పనిముట్లు చేసేవాళ్లు, మేళం వాయించేవాళ్లు. బడగలు సేద్యం చేసేవాళ్లు. కురుంబలు అడవి నుంచి తేనె తెచ్చేవాళ్లు. నెయ్యికి ధాన్యం, ధాన్యానికి కుండ, ఇలా ఇచ్చిపుచ్చుకుంటూ బతికినారు.

1819లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఈ కొండలెక్కినాడు. చల్లని గాలి నచ్చి, తరువాత అక్కడే రాతి బంగళా కట్టించినాడు. మేము పడవ ఎక్కిన చెరువు కూడా ఆయన చేయించిందే! ఆయన వెనక దొరలు వచ్చినారు. ఊటీ మద్రాసు ప్రభుత్వానికి వేసవి రాజధాని అయింది. రైలు 1899లో కూనూరుకు, 1908లో ఊటీకి చేరింది.

వాళ్లతో కొత్త ఆటలూ వచ్చినాయి. ఇంగ్లండులో గుర్రాలెక్కి, వేటకుక్కలతో గుంటనక్కలను తరమడం దొరల వేడుక. ఇక్కడ మామూలు నక్కలను తరిమినారు. గుర్రప్పందాలు పెట్టినారు. స్నూకర్ ఆట నియమాలను ఊటీ క్లబ్బులోనే రాసినారని చెబుతారు. దొరలు గుర్రాలు పరిగెత్తించిన ఆ పచ్చికబయళ్లే తోడవాళ్ల ఎనుములకు మేత. ఒకరికి ఆటస్థలం, ఇంకొకరికి అన్నం.

అయితే కొత్తవాళ్లందరూ ఒకే తీరుగా లేరు. తోడవాళ్లకు ఆ భూమి మీద హక్కు ఉందని సల్లివనే వాదించినాడు. పైఅధికారులు ఒప్పుకోలేదు. తరువాత యూకలిప్టస్, వాటిల్ చెట్లు, టీ తోటలు, ఉర్లగడ్డ చేలు పెరిగినాయి. స్వాతంత్ర్యం వచ్చినాక కూడా ఇది ఆగలేదు. పచ్చిక తగ్గేకొద్దీ ఎనుములూ తగ్గినాయి. ఆ పచ్చికే వాననీటిని పట్టిపెట్టి, కొంచెం కొంచెంగా వాగులకు వదులుతుంది. అందుకే ఇది తోడవాళ్ల కష్టం మాత్రమే కాదు, కింద ఉన్న ఊళ్ల కష్టం కూడా.

ఇప్పుడు కొన్ని మంచి పనులు జరుగుతున్నాయి. ఎరుపు, నలుపు దారాలతో తోడ ఆడవాళ్లు కుట్టే కుట్టుపనికి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఊటీకి పోయే బండ్లకు ఈ-పాస్ పెట్టినారు. కొన్ని చోట్ల వాటిల్ చెట్లు తీసి మళ్లీ పచ్చిక పెంచుతున్నారు. నాకు ఈ చివరి పనే ముఖ్యం అనిపిస్తుంది. శాలువా అంగట్లో దొరికి, ఎనుముకు మేత దొరక్కపోతే, మనం కాపాడింది గుడ్డను మాత్రమే కదా?

ఇదంతా అవ్వకు చదివి వినిపించినాను. మా ఊర్లో కూడా రాగి చేలు ప్లాట్లు అవుతున్నాయి. ఆమె కొంచెంసేపు ఆలోచించి, "కొత్తోళ్లు రానీ. ఈడ ఏముండెనో వాళ్లు అడగల్ల, మనం చెప్పల్ల," అన్నది.

ఊటీలో మేము ఎవరినీ అడగలేదు. ఈసారి యాత్రకు ఎక్కడికి పోయినా, పడవ ఎక్కే ముందు ఆ ఊరివాళ్లతో ఒక గంట మాట్లాడే ఏర్పాటు చేయమని మా అయ్యవార్లను కోరుతున్నాను.