డుమస్ దారిలో మోటారు సైకిలు

సూరతు నగరమునకు నైరుతి దిక్కున, తాపీనది సముద్రమున గలియు చోటికి చేరువలో డుమస్ అను తీరగ్రామము కలదు. అచ్చటి యిసుక నల్లనిది. ఆదివారపు సాయంకాలములందు నగరవాసులు చల్లగాలికిని, వేడి టొమాటో భజియాలకును అచ్చటికి బోవుట వాడుక. 1961లో స్థాపింపబడి, నేడు సర్దార్ వల్లభభాయి జాతీయ సాంకేతిక సంస్థ యను పేర పరగు ఇంజనీరింగు కళాశాలయు ఆ దారిలోనే యున్నది. నేతపనికై తెలంగాణమునుండి వలసవచ్చి సూరతున స్థిరపడిన పద్మశాలి కుటుంబములకు ఈ తీరము పరిచితమే. కొన్న మోటారు సైకిలును కొన్నట్లే యుంచక, ఏదో యొక మార్పు చేసినగాని తృప్తి చెందని యువకులు ఈ దారిలోను కనబడుదురు; మన బెజవాడ బందరు రోడ్డుపైనను కనబడుదురు.

ఇది నేటి కుర్రకారు వేలంవెర్రి యని పెద్దలు కోపగింతురు. కోపమునకు కారణము లేకపోలేదు గాని, ఈ యలవాటు నిన్నటిది కాదు. వేడుకకు మాత్రమే పుట్టినదియు కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము సైన్యము వదలుకొన్న హార్లీ డేవిడ్సన్ మోటారు సైకిళ్లను ఢిల్లీ మెకానిక్కులు మూడుచక్రముల బండ్లుగా మార్చిరి. ఎఱ్ఱకోట ప్రాంతమునుండి కన్నాట్ ప్లేసునకు జనమును మోసిన ఆ ‘ఫట్‌ఫటీ’లను ఢిల్లీలో కొలువు చేసిన పాతతరము తెలుగువారెవరును మరచియుండరు. కాలుష్యము కారణముగా 1998 ప్రాంతమున అవి వీథులనుండి తొలగింపబడినవి.

గుజరాతున ఈ విద్యకు ఆధారమైనది బుల్లెట్టు. 1955లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డు కంపెనీతో మద్రాసు మోటార్సువారు చేతులు కలుపగా, మద్రాసు చెంత తిరువొత్తియూరున దాని నిర్మాణము నెలకొన్నది. ఇంగ్లండున కంపెనీ మూతబడిన పిమ్మటను ఇచ్చట బుల్లెట్టు పుట్టుచునే యుండెను. దాని యింజనులో ఒక్కటే సిలిండరు. వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. నడక పొడవగుటచే నెమ్మదిగా తిరుగుచునే బరువు లాగగలదు. నిర్మాణము సరళము కావున, నాలుగు స్పానర్లున్న పల్లెటూరి మెకానిక్కు సైతము విప్పి బిగింపగలడు. సౌరాష్ట్రమువారు దాని ముందు సగము నుంచుకొని, వెనుక రెండుచక్రముల పెట్టె తగిలించి ‘ఛకడా’ను నిర్మించిరి. తరువాత పెట్రోలు ఇంజను పోయి డీజిలు ఇంజను వచ్చినది. వేరుసెనగ బస్తాలు, పాలక్యానులు, పెండ్లివారు, సమస్తమును అందులోనే!

వీటన్నిటికంటె మెచ్చదగినది అమ్రేలీ జిల్లా మోటా దేవలియా గ్రామవాసి మన్‌సుఖ్‌భాయి జగానీ చేసిన పని. ఆ మెట్టప్రాంతమున కరవు వచ్చినప్పుడు ఎడ్లను మేపుట సన్నకారు రైతునకు తలకు మించిన భారము. జగానీ 1994లో బుల్లెట్టు వెనుక చక్రమును తీసివేసి, రెండు చిన్న చక్రములును, పనిముట్లు బిగించు ఇనుపదూలమును అమర్చెను. దానికి నాగలి, గొర్రు, గుంటక, ఏది కావలసిన నది తగిలింపవచ్చును. రెండు లీటర్ల డీజిలుతో అరగంటలోపల ఎకరము దున్నగల ఈ ‘బుల్లెట్ సాంతీ’ని 2000లో ఏర్పడిన నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషను ఆదరించినది, అమెరికా పేటెంటును లభించినది. పని ముగిసిన పిదప వెనుక చక్రము బిగించుకొని రైతు దానిపైననే ఊరికి పోవచ్చును.

చట్టము మాత్రము మార్పులను అనుమానముతోనే చూచును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమునందలి వివరములు తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు భిన్నమగునట్లు వాహనమును మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని కేరళనుండి వచ్చిన వ్యాజ్యమున గట్టిగా నిలిపినది. మార్చిన బండికి ప్రమాదము జరిగినచో భీమా పరిహారమునకు చిక్కు రావచ్చునని కొనువారిలో ఎందరు తలపోయుదురు?

1989 నాటి కేంద్ర నిబంధనలలో 123వది మన యిండ్లకు మిక్కిలి దగ్గరిది. వెనుక కూర్చున్నవారికి చేతిపట్టు, కాలిపట్టు ఉండవలెను. చీర కుచ్చెళ్లు గాని చున్నీ గాని చిక్కుపడకుండ వెనుక చక్రములో సగమునకు తక్కువగాకుండ కప్పు ఉండవలెను. దీనినే ‘సారీ గార్డు’ అందురు. చిత్రమేమనగా, సోకునకై బండిని మార్చువారు మొట్టమొదట విప్పివేయునది దీనినే! భార్యనో, తల్లినో, చెల్లెలినో వెనుక కూర్చుండబెట్టుకొనునాడు ఆ యినుపచట్రము అటకపై నుండును.

రెండవ పిచ్చి సైలెన్సరు. 175 సీసీకి మించిన మోటారు సైకిలు ధ్వని 80 డెసిబెల్సు దాటరాదని నిబంధన విధించినది. లోపలి అడ్డుబిళ్లలు తీసివేసిన శబ్దము పెరుగును; బలము పెరుగుననుట చాలవరకు భ్రమ. కార్బురేటరు బండ్లలో పెట్రోలు పాలు తగ్గి ఇంజను వేడెక్కును. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన భారత్ స్టేజి–6 బండ్లలోనైతే పొగను కొలుచు సెన్సారు లెక్క తప్పును. పొగను శుద్ధిచేయు అమరిక యుండదు.

డుమస్ తీరమున బండికి అవసరమైన సేవ వేరు. ఉప్పుగాలియు, చైనుకు అంటు నల్లని యిసుకయు చేరి పళ్లచక్రమును అరగదీయును. తడియిసుకలో దిగబడి, పోటు వచ్చువేళకు బయటపడలేక నీట మునిగిన వాహనములు లేకపోలేదు. కావున తెలిసిన మెకానిక్కు అచ్చటినుండి వచ్చిన బండిని మంచినీటితో కడిగి, తుడిచి, ఆరబెట్టి, చైనుకు నూనె వేయును. ఆ పిమ్మట బ్రేకులు చూచును.